అన్నయ్య జుట్టు అయిపోకముందే...

మా అన్నయ్యకు నలభై దాటాయి. ముందు నుంచి చూస్తే నుదురు ఎక్కడ ఆగిందో, తల ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. చెవుల పైన, వెనక మెడ దగ్గర మాత్రం కాస్త పంట మిగిలింది. వాడికి దాని గురించి పెద్ద దిగుల్లేదు. దిగులంతా మా అమ్మకి. దువ్వెనకు నాలుగు వెంట్రుకలు కనిపిస్తే చాలు, నాకు ఫోను... 'ఇంకా పోతున్నాయే' అని. పెళ్లి కావాల్సిన వాడా అంటే కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. అమ్మ భయం వేరు. ఆ జుట్టు వాడిది కాదు. 1987 నుంచీ అది వేళాంగణి మాతది!

అప్పుడు మేం నరసరావుపేట దగ్గర పల్లెలో ఉండేవాళ్లం. ఆ ఏడు వానల్లో అన్నయ్యకు టైఫాయిడ్ వచ్చింది. మూడేళ్ల పిల్లాడు. గుంటూరు ఆసుపత్రిలో ఇరవై రెండు రోజులున్నాడు. పక్క మంచం ఆవిడ తలగడ కింద నుంచి చిన్న పటం తీసి అమ్మ చేతిలో పెట్టిందట. చీర కట్టుకుని, చంకలో బిడ్డతో నిలబడి ఉన్న ఆరోగ్యమాత. మాది తాతల నాటి ఆర్‌సీఎం కుటుంబమే అయినా, అమ్మకు తెలిసిన మాత గుణదల కొండ మీది మాతే. అయినా ఆ పటం పట్టుకునే మొక్కేసింది... 'వీడు లేచి నడిస్తే నీ గుడికి తీసుకొచ్చి తలనీలాలు ఇప్పిస్తానమ్మా' అని.

వాడు లేచాడు, నడిచాడు, పరుగెత్తాడు, ఇంజినీరింగ్ చదివాడు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. నాన్న ఎయిడెడ్ స్కూల్లో టీచరు. జీతం మూడు నెలలకోసారి వచ్చే రోజులవి. ఒక ఏడు ఫీజులు, ఒక ఏడు ఇంటి పైకప్పు, ఒక ఏడు నా టెన్త్... తమిళనాడు చివర ఉన్న ఊరికి నలుగురి రైలు ఛార్జీలు ఎప్పుడూ మిగిలేవి కావు.

చివరికి 2004లో నాన్న టికెట్లు తీశారు. డిసెంబరు 24న బయల్దేరి, పండగ అక్కడే చేసుకుని, 27న తిరుగు రైలెక్కాలి. అమ్మ అరిసెలు కూడా వండేసింది. సరిగ్గా రెండు రోజుల ముందు నాయనమ్మ మంచాన పడింది. టికెట్లు రద్దు చేసుకున్నాం. అమ్మ అలిగి క్రిస్మస్ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

డిసెంబరు 26 ఆదివారం. పూజ నుంచి వచ్చి టీవీ పెట్టాం.

ఆ రోజు సునామీ గురించి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తమిళనాడులో ఎక్కువ మంది చనిపోయింది నాగపట్నం జిల్లాలోనే. వేళాంగణి ఆ జిల్లాలోదే. పండగ మర్నాడు కదా, యాత్రికులంతా పొద్దున్నే సముద్రం దగ్గరున్నారు. నీళ్లు గుడిలోకి రాలేదు. తీరంలో ఉన్నవాళ్లను మాత్రం తీసుకుపోయాయి. మేం వెళ్లి ఉంటే ఆ టైముకు ఎక్కడుండేవాళ్లం? నాకు పదిహేడేళ్లు, అన్నయ్యకు ఇరవై. సముద్రం చూడని పిల్లలం. ఎక్కడుంటాం!

ఆ తర్వాత మా ఇంట్లో ఆ ఊరి పేరు ఎవరూ ఎత్తలేదు. మొక్కు తీర్చకపోయినా మాత మమ్మల్ని ఆపి కాపాడిందని అమ్మ అనుకోవాలి కదా? అనుకుంది. కానీ దాని వెంటే ఇంకో మాట ఆమెను పట్టుకుంది. 'మరి అక్కడికి వెళ్లి మొక్కు తీర్చుకున్న వాళ్ల మాటేంటి?' ఈ ప్రశ్న నాన్నను అడిగింది, ఫాదర్ గారిని అడిగింది. ఎవరేం చెప్పారో నాకు తెలీదు. అడగడమైతే మానేసింది. నాన్న 2015లో పోయారు.

మొన్న దసరాకి అందరం కలిసినప్పుడు అమ్మే ఎత్తింది.

'ఒరేయ్, నీ నెత్తిన ఆ నాలుగు వెంట్రుకలు ఉండగానే వెళ్లొద్దాం రా.'

'ఎక్కడిచ్చినా మాతకే కదమ్మా. గుణదలలో ఇచ్చేస్తా. ఐదు గంటల్లో వెళ్లొచ్చు' అన్నాడు అన్నయ్య.

'అప్పు ఒకరి దగ్గర తెచ్చి ఇంకొకరికి కడతావా?'

వాడు ఊరుకోలేదు. మా విచారణ గురువుల్ని అడిగొచ్చాడు. ఎవరికి వాళ్లు చేసుకున్న మొక్కును దానికి సమానమైన మంచి పనిగా మార్చుకోవచ్చని, సరైన కారణం ఉంటే విచారణ గురువు దాని నుంచి విడుదల కూడా ఇవ్వొచ్చని తిరుసభ చట్టంలోనే ఉందట. అన్నయ్య ఆ మాట మోసుకొచ్చి గెలిచినట్టు చెప్పాడు. అమ్మ కందిపప్పు ఏరుతూ తలెత్తకుండానే, 'ఫాదర్ గారికి మార్చే అధికారం ఉంది. మాటిచ్చింది మాత్రం నేను' అంది.

ప్రయాణం ఖాయమైంది. ప్లానింగు బాధ్యత నా మీద పడింది. ఎందుకంటే పేపర్లో 'వారాంతం ఇలా వెళ్లొద్దాం' లాంటి వ్యాసాలు రాసేది నేనే కదా! ఊరికే అనకూడదు, నేనూ రెచ్చిపోయాను. వెయ్యి కిలోమీటర్లు వెళ్తూ ఒక్క గుడి చూసొస్తామా? ఎక్సెల్ షీటు తెరిచి పదకొండు చోట్లు రాశాను. గుణదల, ఫిరంగిపురం, చెన్నైలో శాంథోమ్, సెయింట్ థామస్ మౌంట్, పుదుచ్చేరి చర్చిలు, తరంగంబాడి, వేళాంగణి, తంజావూరు, పూండి మాత... ప్రతి దానికీ ఎదురుగా టైము, కిలోమీటర్లు, భోజనం. మెదక్ చర్చిని కూడా చేర్చబోతే అన్నయ్య నవ్వాడు. మెదక్ ఉత్తరాన ఉంది, మనం వెళ్లేది దక్షిణానికి, పైగా అది మన క్యాథలిక్ గుడి కాదు, సీఎస్ఐ వాళ్లది అని. నిజమే. కరవు రోజుల్లో జనానికి పని చూపించి కట్టించిన ఆ గుడి 1924లో పూర్తయింది. హైదరాబాద్‌లో చాలామంది మిత్రులు నన్ను 'మీ మెదక్ చర్చి' అంటుంటే వినీ వినీ నాకూ అలవాటైపోయింది.

ప్రింటు తీసి అమ్మకు చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివింది. వదిన చేతిలోని పెన్ను తీసుకుని పది గీతలు గీసింది. వేళాంగణి ఒక్కటే మిగిలింది.

'అమ్మా, శాంథోమ్ దారిలోనే...'

'నా మోకాళ్లు చూశావా?'

అక్కడ నా ప్లానంతా తిరగబడింది. అప్పటిదాకా నేను గూగుల్‌లో కిలోమీటర్లే చూశాను. అమ్మకు డెబ్బై దగ్గరపడ్డాయి. రెండు గంటలకు మించి కూర్చుంటే కాళ్లు వాస్తాయి. షుగరు. బాత్రూమ్ కావాలి, అది కూడా కుర్చీలా ఉండే బాత్రూమే కావాలి. ఇక చూసుకోండి... రూటు మ్యాపు పక్కన పెట్టి బాత్రూమ్ మ్యాపు తయారుచేశాను. హైవే మీద పెద్ద పెట్రోలు బంకులు, కాస్త మంచి హోటళ్లు, వాటి మధ్య దూరాలు. ఇంట్లో పెద్దవాళ్లుంటే యాత్రకు అసలైన గైడు ఇదేనని నాకు ముప్పై ఎనిమిదో ఏట తెలిసింది. ఇన్నాళ్లూ మీకు రాసిన వారాంతపు వ్యాసాల్లో ఒక్కదాంట్లోనూ ఈ సంగతి రాయలేదు. క్షమించండి.

రోజులు ఎంచుకోవడం తేలికే అయింది. వేళాంగణి పెద్ద పండగ ఆగస్టు 29న జెండా ఎక్కించడంతో మొదలై మరియమాత పుట్టినరోజు సెప్టెంబరు 8తో ముగుస్తుంది. చెన్నై నుంచి, ఇంకా దూరాల నుంచి కాషాయ బట్టలు కట్టుకుని కాలినడకన వచ్చేవాళ్లు వేలల్లో ఉంటారు. చూడాల్సిన పండగే కానీ డెబ్బై ఏళ్ల మోకాళ్లతో కాదు. ఎండాకాలం ఆ తీరం ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు. డిసెంబరు అంటే... ఆ మాట ఎవరూ అనలేదు. జనవరి 26కి అటూ ఇటూ ఐదు రోజులు అనుకున్నాం. ఏడు సీట్ల బండి. అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ల పిల్లలిద్దరు, నేను, మా అమ్మాయి. సీటు లేదని మా ఆయనకు ఎంత సంతోషమో!

విజయవాడ మీదుగా వెళ్తే గుణదల వస్తుంది. నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి మీదుగా వెళ్తే దూరం తగ్గుతుంది. అమ్మ రెండోదే అంది, దూరం కోసం కాదు. 'గుణదల మాతకు చెప్పకుండా ముందు నుంచి వెళ్తే బాగోదు' అట! నరసరావుపేట దాటుతుంటే కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. నిద్ర అనుకున్నాను. జపమాల పూసలు మాత్రం కదులుతున్నాయి.

మొదటి రాత్రి నెల్లూరు. నా మొదటి ప్లాను ప్రకారం మర్నాడు రాత్రికే వేళాంగణి చేరాలి. అది దాదాపు ఐదు వందల కిలోమీటర్లు. బాత్రూమ్ మ్యాపు ఒప్పుకోలేదు. పుదుచ్చేరిలో ఇంకో రాత్రి ఆగాం. ఆ తీరిక వల్ల చెన్నైలో రెండు గంటలు దొరికాయి. అమ్మను బతిమాలి శాంథోమ్‌లో దింపాం. ఏసు శిష్యుల్లో ఒకరైన తోమా సమాధి మీద కట్టిన గుడి ఇది. రోములో పేతురు గుడి, స్పెయిన్‌లో యాకోబు గుడి... వాటి సరసన దీన్ని చెప్పుకుంటారు. పోర్చుగీసు వాళ్లు పదహారో శతాబ్దంలో కట్టిన గుడి స్థానంలో ఇప్పటి తెల్లటి గుడిని బ్రిటిష్ కాలంలో, 1890లలో కట్టారు. సమాధి దగ్గరకు మెట్లు దిగాలి. అమ్మ మెట్లు చూసి, పైన బల్ల మీద కూర్చుండిపోయింది. మేం దిగొచ్చేసరికి ఎవరో తమిళావిడతో సైగలతో మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుతోంది. 'నీలగిరి తైలం రాయమంటోంది' అంది మాతో, మహా ప్రసాదం దొరికినట్టు.

పుదుచ్చేరి తర్వాత అసలు పరీక్ష. మ్యాపులో దగ్గరే అనిపిస్తుంది కానీ కడలూరు, చిదంబరం, శీర్కాళి... ఊరు వెంట ఊరు. హైవే మీద వచ్చిన వేగం ఇక్కడ రాదు. పిల్లలిద్దరికి వాంతులు. మా అమ్మాయి కవర్లు అయిపోయాక వదిన కొంగు వాడింది. వదిన గురించి చెప్పాలి. వాళ్లది హిందూ కుటుంబం. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించిన ఇల్లు. పెళ్లయిన కొత్తలో అమ్మకీ తనకీ అంతంతమాత్రమే. ఈ ప్రయాణంలో మాత్రం మొక్కు గురించి అమ్మ మాట పూర్తి కాకుండానే అర్థమయ్యేది వదినకే. అన్నయ్య విసుక్కున్నప్పుడల్లా 'మొక్కంటే మొక్కేనండీ, ఇందులో వాదనేంటి?' అనేది. మాలో పుట్టిన వాడికి లేని పట్టింపు ఆమెకుంది!

తరంగంబాడిలో ఆగలేదు. నాకు మనసు పీకింది. డెన్మార్క్ వాళ్లు 1620లో కోట కట్టిన ఊరు. 1706లో అక్కడ దిగిన ప్రొటెస్టెంట్ మిషనరీలే తమిళంలో బైబిలు కొత్త నిబంధన అచ్చేశారు. వాళ్ల వెనక వచ్చిన షుల్జ్ అనే ఆయన మద్రాసుకు మారి తెలుగు నేర్చుకుని, జర్మనీలోని హాలే నగరంలో 1746లో తెలుగు పుస్తకాలు అచ్చేయించాడు. తెలుగు పత్రికలో పనిచేసే దాన్ని, ఆ ఊరికి దణ్ణం పెట్టాలా వద్దా? 'కారాపకు, ఇప్పుడే నిద్రపోయారు' అని పిల్లల్ని చూపించింది అమ్మ. కిటికీలోంచే దణ్ణం పెట్టాను.

ఆ తర్వాత కారైక్కాల్. మన కాకినాడ పక్కన యానాంలాగే అదీ పుదుచ్చేరి ప్రభుత్వం కిందే ఉంది. అది దాటితే నాగూరు. అయిదు మినార్ల దర్గా. నాగూరు నుంచి నాగపట్నం మీదుగా వేళాంగణి పాతిక కిలోమీటర్ల లోపే. అమ్మ సీట్లో ముందుకు జరిగి కూర్చుంది. సముద్రం ఏ వైపు అని అడిగింది. ఎడమవైపు అన్నాను. కుడివైపుకు జరిగింది.

గది బుక్ చేసేటప్పుడు ఫోన్లో మూడుసార్లు అడిగాను, కింది అంతస్తే కదా అని. తీరా వెళ్తే మూడో అంతస్తు. లిఫ్టు లేదు. డబ్బు ముందే కట్టించుకున్నారు, ఇక మన మాట ఎవరు వింటారు? మీరు వెళ్తే మాత్రం ముందు గుడి వాళ్ల సొంత వసతి గృహాల్లో గదుల కోసం ప్రయత్నించండి. అన్నయ్య అమ్మను వీపు మీద ఎక్కించుకుని మెట్లెక్కాడు. 'ముప్పై ఎనిమిదేళ్ల కింద నిన్ను ఇలాగే ఎత్తుకుని ఆసుపత్రి మెట్లెక్కాను' అందట అమ్మ. వాడు పైకి వచ్చి ఏమీ మాట్లాడకుండా బాత్రూమ్‌లోకి వెళ్లి ముఖం కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున గుడికి వెళ్లాం. తెల్లటి గోపురాలు, ఎర్ర కప్పు. 1962లో పోప్ ఇరవై మూడో జాన్ దీనికి బసిలికా హోదా ఇచ్చారు. మూడు కథలు చెబుతారు ఇక్కడ. పాలు తీసుకెళ్తున్న కుర్రాడిని కొలను దగ్గర తల్లి బిడ్డ కోసం పాలడగడం, మజ్జిగ అమ్మే అవిటి కుర్రాడు లేచి నడవడం, తుపానులో చిక్కుకున్న పోర్చుగీసు నావికులు సెప్టెంబరు 8న ఒడ్డుకు చేరడం. అమ్మ ఈ మూడింటిలో ఎప్పుడూ చెప్పేది మజ్జిగ కుర్రాడి కథే. ఎందుకో ఇప్పుడు తెలిసింది. వాడూ లేచి నడిచాడు కదా.

దుకాణాల్లో మనిషెత్తు కొవ్వొత్తులు, కొబ్బరి మొక్కలు, వెండి రేకుల కళ్లు, కాళ్లు, గుండెలు... ఎవరి నొప్పి వాళ్లు కొనుక్కుని ఇచ్చేస్తున్నారు. వెండి మోకాలు కొందామా అన్నాను అమ్మతో. 'నా కోసం ఏమీ వద్దు, వచ్చింది బాకీకి' అంది.

తలనీలాల దగ్గర అన్నయ్య వంతు వచ్చింది. క్షౌరం చేసే పెద్దాయన వాడి తల చూశాడు, మమ్మల్ని చూశాడు. నాకు నవ్వు ఆగడం లేదు. పిల్లలైతే సరేసరి. ఆయన మాత్రం నవ్వలేదు. రోజూ ఎన్ని తలలు చూస్తాడో! నీళ్లు చల్లి, ఉన్న కాస్తనీ ఒద్దికగా, ఒత్తయిన జుట్టు తీస్తున్నంత శ్రద్ధగా తీశాడు. రెండు నిమిషాలు పట్టిందేమో. అమ్మ నిలబడే ఉంది. కుర్చీ వేస్తే వద్దంది. కింద పడ్డ వెంట్రుకలు ఒక గుప్పెడు కూడా లేవు. వాటినే చూస్తూ పెదాలు కదిపింది. అన్నయ్య గంధం పూసిన గుండుతో వచ్చి 'సరిపోయిందా, బ్యాలెన్సు ఉందా?' అన్నాడు. అమ్మ వాడి తల రెండు చేతులతో పట్టుకుని మూడేళ్ల పిల్లాడి తల వాసన చూసినట్టు వాసన చూసింది.

గుడికీ మాత కొలనుకీ మధ్య ఇసుక బాట ఉంటుంది. జనం దాని మీద మోకాళ్లతో నడుస్తారు. అమ్మ బదులు నేను నడుస్తానని ముందే ప్రకటించి ఉన్నాను. పది గజాలు వెళ్లేసరికి మోకాళ్లు మండిపోయి లేచి నిలబడ్డాను. పక్కనే నా తల్లి వయసు ఆవిడ ఒకామె, చేతిలో కొవ్వొత్తితో, అసలు నన్ను చూడకుండా ముందుకు వెళ్లిపోయింది. అమ్మ చెప్పులు విడిచి మామూలుగానే నడిచింది. ఒక చేయి వదిన భుజం మీద, ఇంకో చేతిలో జపమాల. నా షీటులో దీనికి అరగంట రాశాను. గంటన్నర పట్టింది. తంజావూరు అక్కడే కొట్టుకుపోయింది. ఎవరూ అడగలేదు.

సాయంత్రం అమ్మే అడిగింది, సముద్రం దగ్గరకు తీసుకెళ్లమని. మేమెవరం ఆ మాట ఎత్తలేదు. ఇసుకలో కుర్చీ వేశాం. పిల్లలు నీళ్ల వైపు పరుగెత్తితే అన్నయ్య వెనకే పరుగెత్తాడు, వాళ్ల చేతులు వదలకుండా. అమ్మ సంచీలోంచి మూడు కొవ్వొత్తులు తీసింది. గాలికి వెలగడం లేదు. వదిన కొంగు అడ్డం పట్టింది. ఒకటి నాన్నకని చెప్పింది. రెండోది నాయనమ్మకట, 'ఆవిడ మంచాన పడకపోతే...' అని ఆగింది. మూడోది ఎవరికని మా అమ్మాయి అడిగింది.

'ఆ రోజు మనకంటే ముందే టికెట్లు దొరికిన వాళ్లకి' అంది అమ్మ.

కొవ్వొత్తులు ఆరిపోయేదాకా కూర్చున్నాం. ఎక్కువసేపేం పట్టలేదు, గాలి అలా ఉంది.

మర్నాడు పొద్దున్నే బండెక్కాం. ఊరు దాటి పది నిమిషాలైందో లేదో, వెనక సీటులోంచి అమ్మ గొంతు.

'ఏమే, నువ్వు రాసుకొచ్చావే... ఆ పూండి మాత గుడి, ఎంత దూరం ఇక్కణ్నుంచి?'

అన్నయ్య అద్దంలోంచి నన్ను చూశాడు. నున్నటి గుండు మీద ఎండ మెరుస్తోంది. నేను సంచీలోంచి, పది గీతలు గీసి ఉన్న ఆ కాగితం తీశాను.